బంధిత ఎంజైములు – మన జిల్లాలో వాటికున్న పని

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాఠం లాంటిది ఒకటి రాసివ్వమని తమ్ముళ్లు అడిగారు. కవితలు, సూక్తులు, జోకులు ఎటూ వస్తాయి, చదువుకు పనికొచ్చేది ఒకటైనా ఉండాలన్నది వాళ్ల కోరిక. ఇంటర్ బైపీసీ వాళ్లకూ, డిగ్రీలో బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ చదివేవాళ్లకూ పరీక్షకు పనికొస్తుంది, పైగా మన గుండుగొలను చుట్టుపక్కల కనిపించే వస్తువులతోనే చెప్పుకోవచ్చు అని ఈ అంశం ఎంచుకున్నాం. ఇంగ్లీషులో దీన్ని ఇమ్మొబిలైజ్డ్ ఎంజైమ్స్ అంటారు. ప్రశ్నపత్రంలో ఆ మాటే కనపడుతుంది. మనం ఇక్కడ బంధిత ఎంజైములు అని పిలుచుకుందాం.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఎమ్మెస్సీలో ఈ పాఠం చదివినప్పుడు పుస్తకంలోని ఉదాహరణలన్నీ జపాన్‌వి, అమెరికావి. మన గోదావరి జిల్లాల పేరు ఒక్క పుటలోనూ లేదు. కానీ చదివేకొద్దీ తెలిసింది ఏమిటంటే, పేరు లేకపోయినా సరుకు మాత్రం మన దగ్గరే ఉంది. రొయ్య పెంకు, పామాయిల్ గెల, మొక్కజొన్న, షుగర్ పరీక్ష చేసే స్ట్రిప్పు, అమాక్సిసిలిన్ గొట్టం. ఈ అయిదూ చూడనివాళ్లు మన హాస్టల్లో ఎవరూ ఉండరు.

ఎంజైమును ఎందుకు కట్టాలి?

ఎంజైము ఒక ప్రోటీను. జీవకణంలో రసాయన చర్యలను వేగంగా నడిపించే ఉత్ప్రేరకం. చర్య అయిపోయాక తాను మాత్రం మారకుండా మిగులుతుంది. ఇది తొమ్మిదో తరగతి నుంచీ చదువుతున్నదే. అయితే ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది. తాను మారకుండా మిగిలితే, మళ్లీ వాడుకోవచ్చు కదా? మరి ఫ్యాక్టరీలో ఎందుకు ప్రతిసారీ కొత్త ఎంజైము కొనాలి?

కారణం చాలా చిన్నది. ఎంజైము నీళ్లలో కరిగిపోతుంది. పంచదార పాకంలో చెంచాడు ఉప్పు కలిపి, పాకం పాడుకాకుండా ఆ ఉప్పును మళ్లీ పైకి తీయమంటే ఎంత కష్టమో, తయారైన సరుకులోంచి ఎంజైమును వేరు చేయడం అంత కష్టం. మామూలుగా వేడిచేసి దాన్ని చంపేస్తారు. అంటే లక్షలు పోసి కొన్న ఎంజైము ఒక్క విడతతో పోయినట్టే. మందుల తయారీలో అయితే చచ్చిన ప్రోటీను కూడా మందులో మిగలకూడదు, మిగిలితే కొందరికి ఎలర్జీ వస్తుంది. దాన్ని తీయడానికి మళ్లీ ఖర్చు.

గేదెను గుంజకు కట్టకపోతే కొల్లేటి గట్టున పడి మేస్తూ పోతుంది. పాలు ఆ పూటకే. కట్టేస్తే మేత దాని దగ్గరికే తెస్తాం, పాలు రోజూ పితుకుతాం. బంధిత ఎంజైము సంగతి కూడా అంతే. ఎంజైమును ఒక ఘనపదార్థానికి కట్టి ఒక గొట్టంలో నింపుతారు. మేత, అంటే అధస్థ పదార్థం, పైనుంచి ద్రావణంగా వస్తుంది. కింది నుంచి సరుకు దిగుతుంది. ఎంజైము గొట్టంలోనే ఉండిపోతుంది. ఇలా నింపిన గొట్టాన్ని ప్యాక్‌డ్ బెడ్ రియాక్టరు అంటారు.

దీనికి మూలమైన పరిశీలన 1916 నాటిది. నెల్సన్, గ్రిఫిన్ అనే ఇద్దరు అమెరికాలో ఇన్వర్టేజ్ అనే ఎంజైము బొగ్గుపొడికి అంటుకున్నాక కూడా చక్కెరను విడగొడుతూనే ఉందని చూశారు. అప్పట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1969లో జపాన్‌లోని టనాబే సెయాకు కంపెనీలో ఇచిరో చిబాటా, ఆయన సహచరులు అమైనో ఎసైలేజ్ అనే ఎంజైమును డీఈఏఈ-సెఫాడెక్స్ గుళికలకు అంటించి, ఎల్-అమైనో ఆమ్లాలను ఫ్యాక్టరీ స్థాయిలో తయారుచేశారు. బంధిత ఎంజైమును పరిశ్రమలో వాడడం అదే మొదలు. ఖర్చు దాదాపు 40 శాతం తగ్గింది. 1971లో అమెరికాలో జరిగిన మొదటి ఎంజైమ్ ఇంజనీరింగ్ సమావేశంలో ఇమ్మొబిలైజ్డ్ అన్న పేరు ఖాయం చేశారు. ఈ మూడు సంవత్సరాలూ గుర్తుంచుకుంటే పరీక్షలో చరిత్ర భాగానికి సరిపోతుంది.

కట్టే పద్ధతులు

పుస్తకాల్లో నాలుగైదు పద్ధతులు ఇస్తారు. పేర్లు బట్టీ పట్టడం కంటే కట్టు ఎంత గట్టిది, ఎంజైముకు ఎంత నొప్పి అని చూస్తే తేలిగ్గా గుర్తుంటాయి.

అధిశోషణం అన్నిటికన్నా సులువు. బొగ్గు, బంకమన్ను, అయాన్ మార్పిడి రెజిన్ లాంటివాటి మీద ఎంజైము ద్రావణం పోసి వదిలేస్తే దానంతట అదే అంటుకుంటుంది. ఎంజైముకు నొప్పి లేదు. కాని ఉప్పు శాతం, పీహెచ్ కాస్త మారితే ఊడి కొట్టుకుపోతుంది.

సంయోజనీయ బంధం దీనికి తలకిందులు. ఎంజైములోని లైసీన్ వంటి అమైనో ఆమ్లాల గుంపులను ఆధార పదార్థంతో రసాయనికంగా ముడివేస్తారు. ఊడదు. కాని ముడి సరిగ్గా క్రియాస్థానం మీద పడిందంటే ఎంజైము బతికున్నా పనిచేయదు. అందుకే కొన్నిసార్లు ముడివేసేటప్పుడు అధస్థ పదార్థాన్నో, దాని పోలిక ఉన్న మరొకదాన్నో కలిపి ఉంచుతారు. అది క్రియాస్థానంలో కూర్చుని ఆ చోటును కాపాడుతుంది.

ఆధారం లేకుండా ఎంజైములనే ఒకదానితో ఒకటి గ్లుటరాల్డిహైడ్‌తో కుట్టేయడం అడ్డబంధనం, అంటే క్రాస్ లింకింగ్.

మనవాళ్లకు వెంటనే అర్థమయ్యేది చిక్కించడం, ఎంట్రాప్‌మెంట్. చేపల చెరువు తూముకు వల కడతాం కదా. నీళ్లు వచ్చిపోతుంటాయి, చేప పోదు. వల కన్ను చేపకన్నా చిన్నది, నీటికన్నా పెద్దది కావడమే అందులోని కిటుకు. ఆల్జినేట్, పాలీఎక్రిలమైడ్ లాంటి జెల్‌లో ఎంజైమును చిక్కిస్తే జరిగేది అచ్చంగా ఇదే. చిన్న అణువులైన చక్కెర, నీరు లోపలికీ బయటికీ తిరుగుతాయి. పెద్ద అణువైన ఎంజైము లోపలే ఉంటుంది. అయితే వల కన్ను పెద్దదైతే చేపపిల్లలు జారిపోయినట్టు, చిన్న ఎంజైములు ఆల్జినేట్ లోంచి కారిపోతాయి. అందుకే ఆల్జినేట్‌లో ఒట్టి ఎంజైమును కాక మొత్తం ఈస్ట్ కణాన్నో, బ్యాక్టీరియానో చిక్కించడం ఎక్కువ.

ఇక్కడ ఒక లాభం, ఒక నష్టం రెండూ చెప్పాలి. లాభం ఏమిటంటే, ఒక అణువును నాలుగైదు చోట్ల కట్టినప్పుడు వేడికి దాని మడతలు తొందరగా విడిపోవు. గాలివానకు గడ్డివాము చెదరకుండా మీదుగా తాళ్లు వేసి రాళ్లు కట్టినట్టు. అందుకే చాలా బంధిత ఎంజైములు స్వేచ్ఛగా ఉన్నవాటికంటే ఎక్కువ రోజులు పనిచేస్తాయి. నష్టం ఏమిటంటే, గుళిక లోపలి ఎంజైము దాకా మేత చేరడానికి సమయం పడుతుంది. బయటి పొరలో ఉన్నవి తినేస్తుంటే నడిమి వాటికి అందదు. గుళికను చిన్నది చేస్తే అందుతుంది, కానీ మరీ నూకలాగా చేస్తే గొట్టం బిగుసుకుపోయి ద్రావణం దిగదు. గుళిక ఎంత లావుండాలన్నదే ఈ శాస్త్రంలో సగం ఇంజనీరింగ్. కట్టిన తర్వాత కేఎం విలువ పెరిగినట్టు ఎందుకు కనిపిస్తుంది అని వైవాలో అడిగితే ఈ ఆలస్యం సంగతే చెప్పండి.

రొయ్య పెంకు

ఇక మన ఊళ్ల సంగతి. భీమవరం వైపు, ఏలూరు వైపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు తెల్లవారకముందే వ్యాన్లు బయలుదేరతాయి. వాటిలో వెళ్లేది మన పేటల అమ్మలు, అక్కలే. 2009లో మన దేశంలో వనామి రొయ్య సాగుకు అనుమతి వచ్చాక ఈ పని బాగా పెరిగింది. రోజంతా చల్లటి నీళ్లలో చేతులు పెట్టి తల తీయడం, పెంకు ఒలవడం. కూలి కిలోల లెక్క. రొయ్య కంటైనరెక్కి విదేశాలకు పోతుంది. తల, పెంకు కలిపి రొయ్య బరువులో సగానికి దగ్గరగా ఉంటుంది. అది ఇక్కడే మిగులుతుంది. కొంత దాణాలోకి పోతుంది, కొంత గుంటల్లో కుళ్లుతుంది. ఆ వాసన ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

ఆ పెంకులో సున్నం, ప్రోటీను, కైటిన్ అనే మూడు ముఖ్యమైన పదార్థాలుంటాయి. కైటిన్ చెక్కలోని సెల్యులోజ్‌కు చుట్టం. ఎండు పెంకులో నాలుగో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. పెంకును ముందు పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే బుసబుస పొంగి సున్నం కరిగిపోతుంది. తర్వాత పలుచటి కాస్టిక్ సోడాలో వేడిచేస్తే ప్రోటీను పోతుంది. మిగిలిన తెల్లటి పీలికలే కైటిన్. దాన్ని 40 నుంచి 50 శాతం ఉన్న చిక్కటి కాస్టిక్ సోడాలో కాస్తే ఎసిటైల్ గుంపులు ఊడి, అమైనో గుంపులు బయటపడతాయి. ఇప్పుడు దాని పేరు కైటోసాన్. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ తయారీ పద్ధతుల మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఆ సంస్థకు విశాఖపట్నంలో ఒక పరిశోధన కేంద్రం కూడా ఉంది.

ఎంజైము కట్టడానికి గుంజ ఎలా ఉండాలి? విషం కాకూడదు, చవగ్గా దొరకాలి, ముడి వేసుకోవడానికి చేతులుండాలి. కైటోసాన్‌లో ఆ చేతులు అమైనో గుంపులే. కైటోసాన్‌ను ఒకటి రెండు శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, సిరంజితో చుక్కచుక్కగా కాస్టిక్ సోడాలోకి వదిలితే సగ్గుబియ్యం లాంటి తెల్లటి గుళికలు తయారవుతాయి. వాటిని బాగా కడిగి గ్లుటరాల్డిహైడ్‌లో నానబెడతారు. గ్లుటరాల్డిహైడ్‌కు రెండు కొసలు. ఒక కొస కైటోసాన్ అమైనో గుంపును పట్టుకుంటుంది, రెండో కొస ఎంజైము లైసీన్‌ను పట్టుకుంటుంది. ఏర్పడిన బంధం పేరు షిఫ్ బేస్. ఇలాంటి గుళికలను జపాన్‌లో చిటోపెర్ల్ అనే పేరుతో అమ్మారు. అయినా నిజం చెప్పుకోవాలి. కైటోసాన్ మీద పరిశోధన పత్రాలు వచ్చినంతగా ఫ్యాక్టరీలు రాలేదు. పరిశ్రమలో ఇప్పటికీ ఎక్కువగా వాడేది ఎక్రిలిక్ రెజిన్లు, సిలికా. కైటోసాన్ ఆమ్లంలో ఉబ్బుతుంది, ఒత్తిడికి మెత్తబడుతుంది, ఒక్కో విడత పెంకుకు ఒక్కో గుణం వస్తుంది. ఈ మూడింటికీ మందు కనిపెట్టే పని మిగిలే ఉంది. పెంకు ఒలిచిన చేతుల ఇళ్లలోంచి వచ్చినవాళ్లు ఆ పని చేస్తే మాకు సంతోషం.

మరొక మాట. కైటోసాన్ ఫ్యాక్టరీ పెడితే చాలు ఊరు బాగుపడుతుందని ఎవరైనా అంటే వెంటనే చప్పట్లు కొట్టకండి. ఆమ్లం, కాస్టిక్ సోడా కలిసిన మురుగు ఎటు పోతుంది అని అడగండి. తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు మోసుకొచ్చేదంతా చివరికి చేరేది కొల్లేరులోకే, బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 1999లో కొల్లేటిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అంత జరిగిన సరస్సులోకి మళ్లీ కాస్టిక్ వదలడం బయోటెక్నాలజీ కాదు. ఆమ్లం, క్షారం బదులు ప్రోటియేజ్ ఎంజైములతో, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియాతో పెంకును శుభ్రంచేసే పద్ధతులు కూడా ఉన్నాయి. నెమ్మదిగా నడుస్తాయి, అదే వాటి లోపం.

పామాయిల్ గెలలో శత్రువు, గొట్టంలో మిత్రుడు

గుండుగొలను నుంచి ఉత్తరంగా ద్వారకా తిరుమల వైపు మెట్టకు వెళ్తే పామాయిల్ తోటలు. ఏలూరు పక్కన పెదవేగిలో 1995లో పెట్టిన జాతీయ ఆయిల్‌పామ్ పరిశోధన కేంద్రమే ఇప్పుడు భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ. దేశం మొత్తానికి ఈ పంట మీద పరిశోధించే సంస్థ మన జిల్లాలో ఉందని చాలామంది విద్యార్థులకు తెలియదు.

గెల కోసిన రైతు 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేర్చాలని ఎందుకు తొందరపడతాడు? పండు నలిగితే అందులోని లైపేజ్ అనే ఎంజైము నూనె మీద పడుతుంది. నూనె అంటే ట్రైగ్లిజరైడు, ఒక గ్లిసరాల్ వెన్నెముకకు మూడు కొవ్వు ఆమ్లాలు తగిలించినది. లైపేజ్ వాటిని తెంపుతుంది. తెగిన కొవ్వు ఆమ్లాలు 5 శాతం దాటితే నూనెకు ధర పడిపోతుంది. అందుకే ఫ్యాక్టరీలో మొట్టమొదట గెలలను ఆవిరిలో ఉడికిస్తారు. లైపేజ్ చస్తుంది. రైతు నోటి దగ్గరి కూడు లాక్కునే ఎంజైము ఇది.

ఇదే జాతి ఎంజైము, శిలీంధ్రాల నుంచి తీసినది, గుళికలకు కట్టి గొట్టంలో పెడితే కథ మారిపోతుంది. నీళ్లు ఎక్కువుంటే లైపేజ్ తెంపుతుంది. నీళ్లు దాదాపు లేకుండా చేస్తే తెంపిన చోట మరొకదాన్ని అతికిస్తుంది. ఒకే కత్తెర, ఒకే సూది. ఇందులో ముఖ్యమైన విషయం, రైజోమ్యూకర్ మీహై లైపేజ్ లాంటివి గ్లిసరాల్ మీద 1, 3 స్థానాలనే ముట్టుకుంటాయి, నడిమి 2వ స్థానం జోలికి పోవు. పామాయిల్ మధ్య భాగంలో రెండు పక్కలా పామిటిక్ ఆమ్లం, నడుమ ఒలీయిక్ ఆమ్లం ఉంటాయి. చాక్లెట్లో వాడే కోకో వెన్నలో పక్కల స్టియరిక్ ఆమ్లం కూడా ఉండాలి, నడుమ అదే ఒలీయిక్. కాబట్టి పామాయిల్ భాగాన్ని స్టియరిక్ ఆమ్లంతో కలిపి బంధిత లైపేజ్ గొట్టం గుండా పంపితే కోకో వెన్నను పోలిన కొవ్వు దిగుతుంది. నోట్లో పెట్టగానే కరిగే గుణం ఆ అమరికలోనే ఉంది. యూనిలీవర్ సంస్థ పరిశోధకులు ఈ దారి చూపారు. మన జిల్లాలో కొబ్బరి తోటల్లో, పామాయిల్ తోటల్లో అంతర పంటగా కోకో కూడా పండిస్తారు. అంటే అసలు వెన్న, దాని నకలుకు ముడిసరుకు, రెండూ ఒకే తోటలో ఉన్నాయన్నమాట. కోకో రైతుకు ఈ నకలు పోటీయా, లాభమా అన్నది ధరల మీద ఉంటుంది. దాన్ని ఎకనామిక్స్ చదివే తమ్ముళ్లకు వదిలేస్తున్నాం.

డాల్డా లాంటి వనస్పతి విషయంలో దీని అవసరం ఇంకా ఎక్కువ. పాత పద్ధతిలో నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచేటప్పుడు ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. అవి గుండెకు చేటు. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో వీటిని 2 శాతానికి మించకూడదని నియమం పెట్టారు. బంధిత లైపేజ్‌తో కొవ్వు ఆమ్లాలను తారుమారు చేస్తే ట్రాన్స్ పుట్టకుండానే నూనె గట్టిపడుతుంది.

మొక్కజొన్న గురించి రెండు మాటలే. గంజిపొడిని ఎంజైములతో గ్లూకోజ్‌గా మార్చి, దాన్ని బంధిత గ్లూకోజ్ ఐసోమరేజ్ గొట్టంలోంచి 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పంపితే 42 శాతం ఫ్రక్టోజ్ ఉన్న తియ్యటి పాకం వస్తుంది. ఈ ఎంజైముకు మెగ్నీషియం కావాలి, కాల్షియం పడదు. ఒక కిలో బంధిత ఎంజైము తన జీవితకాలంలో పది టన్నులకు పైగా సరుకు ఇస్తుంది. అమెరికాలో 1960ల చివర మొదలైన ఈ పాకం 1984 నాటికి అక్కడి కోకాకోలాలో పంచదార స్థానాన్ని పూర్తిగా తీసుకుంది. మన దగ్గర చెరుకు ఉంది, తణుకులో 1947 నుంచి ఆంధ్రా షుగర్స్ ఉంది, కాబట్టి ఆ పాకం మన బజారును ఆక్రమించలేదు. మెట్టలో ఇంత మొక్కజొన్న పండుతున్నా అది ఎక్కువగా కోళ్ల దాణాకే పోతోంది.

అమాక్సిసిలిన్ గొట్టం

జ్వరం వచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్తే ఇచ్చే ఎర్ర పసుపు గొట్టాల్లో అమాక్సిసిలిన్ ఉంటుంది. అది బూజు నుంచి నేరుగా రాదు. బూజు ఇచ్చేది పెన్సిలిన్-జి. దాని తోక కత్తిరిస్తే 6-ఏపీఏ అనే మొండెం మిగులుతుంది. దానికి కొత్త తోక అతికిస్తే అమాక్సిసిలిన్, మరో తోక అతికిస్తే ఆంపిసిలిన్.

ఆ తోకను రసాయనికంగా కత్తిరించాలంటే మైనస్ 40 డిగ్రీల చలి, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్, డైక్లోరోమీథేన్ లాంటి ప్రమాదకరమైన ద్రావకాలు కావాలి. పెన్సిలిన్ ఎసైలేజ్ అనే ఎంజైము అదే పని మామూలు నీళ్లలో, మన ఒంటి వేడి దగ్గర చేసేస్తుంది. దీన్ని గుళికలకు కట్టి వందల విడతలు వాడతారు. బంధిత ఎంజైముల వల్ల ప్రపంచానికి జరిగిన మేలు ఒక్కటి చెప్పమంటే మేము ఇదే చెబుతాం. పేదవాడి జ్వరం మందు చవగ్గా దొరకడానికి ఇది కూడా ఒక కారణం. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో ఈ ఎంజైము మీద చాలాకాలం పరిశోధన జరిగింది.

ఒక విచారకరమైన సంగతి ఉంది. పుణె దగ్గర పింప్రిలో హిందుస్థాన్ యాంటీబయాటిక్స్ 1950ల్లోనే పెన్సిలిన్ తయారుచేసిన దేశం మనది. తర్వాత చైనా నుంచి తక్కువ ధరకు పెన్సిలిన్-జి, 6-ఏపీఏ వచ్చి పడడంతో ఇక్కడి ఉత్పత్తి దాదాపు ఆగిపోయింది. 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రోత్సాహక పథకం ప్రకటించాక, అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ ఫార్మా కాకినాడ జిల్లా తొండంగి ప్రాంతంలో ఏడాదికి 15,000 టన్నుల పెన్సిలిన్-జి సామర్థ్యంతో ఫ్యాక్టరీ కట్టి, 2024లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మన ఊరి నుంచి ఒక్క పూట ప్రయాణం. బయోటెక్నాలజీ చదివితే ఉద్యోగాలు లేవని నిరుత్సాహపడే తమ్ముళ్లు గమనించాలి. ఇలాంటి చోట పెద్ద పరిశోధకులే కాదు, ఫెర్మెంటర్ చూసేవాళ్లు, నాణ్యత పరీక్షించేవాళ్లు కూడా కావాలి. పీహెచ్ మీటరు సరిగ్గా క్యాలిబ్రేట్ చేయడం చేతికి రావాలి. అది గైడు చదివితే రాదు.

షుగర్ స్ట్రిప్పు

మన ఇళ్లల్లో షుగర్ జబ్బు లేని ఇల్లు వెతకాలి. వేలు గుచ్చి రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్పు కొసన ఉన్నది బంధిత ఎంజైమే. చాలావాటిలో అది గ్లూకోజ్ ఆక్సిడేజ్, ఆస్పర్జిల్లస్ నైగర్ అనే నల్ల బూజు నుంచి తీసినది. గ్లూకోజ్‌లోంచి అది ఎలక్ట్రాన్లను లాగి, పక్కనున్న మధ్యవర్తి రసాయనానికి ఇస్తుంది. అది ఎలక్ట్రోడుకు ఇస్తుంది. ఎంత గ్లూకోజ్ ఉంటే అంత కరెంటు, మీటరు దాన్ని అంకెగా చూపుతుంది. ఈ ఆలోచనకు పునాది 1962లో లీలాండ్ క్లార్క్ వేశాడు.

మాకు చాలాకాలం ఒక సందేహం ఉండేది. తిరిగి వాడుకోవడానికే కదా ఎంజైమును కట్టేది, మరి ఒక్కసారి వాడి పారేసే స్ట్రిప్పులో ఎందుకు కట్టాలి? ఇక్కడ ప్రయోజనం వేరు. ప్రతి స్ట్రిప్పులోనూ ఒకే కొలత ఎంజైము, ఒకే చోట, ఎలక్ట్రోడును ఆనుకుని, నెలల తరబడి పొడిగా చెడకుండా ఉండాలి. అప్పుడే అంకెను నమ్మగలం. అందుకే డబ్బా మూత తీసిపెట్టి వదిలేయకూడదు. మన ఊళ్ల ఉక్కకు తేమ పీల్చుకుని పొర పాడవుతుంది. స్ట్రిప్పులను డబ్బాలోంచి తీసి కాగితంలో మడిచి పెట్టుకునే అలవాటు మన పెద్దవాళ్లలో ఉంది, అది మాన్పించండి. గడువు తేదీ చూడండి. వేలికి బెల్లమో, అరటిపండు జిగురో ఉంటే కడిగి, తుడిచి, ఆరాకే గుచ్చాలి. లేకపోతే ఎంజైము దాన్ని కూడా నిజాయితీగా లెక్కపెడుతుంది, వందా నలభై ఉండాల్సింది రెండొందలు దాటిపోతుంది, ఇంట్లో అందరికీ నిద్ర ఉండదు.

కాలేజీ లాబ్‌లో చేయదగ్గ ప్రయోగం

ఇంత చదివాక కళ్లతో చూడాలనిపిస్తుంది. ఖరీదైన పరికరం అక్కర్లేదు. 3 శాతం సోడియం ఆల్జినేట్ ద్రావణం చేసుకోండి. అది తొందరగా కరగదు, గోరువెచ్చటి నీళ్లలో కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. బేకరీ ఈస్ట్‌ను కొంచెం నీళ్లలో నానబెట్టి అందులో కలపండి. సూది లేని సిరంజితో, జానెడు ఎత్తు నుంచి, 2 శాతం కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి చుక్కలుగా వదలండి. పడిన చుక్క పడినట్టే గుండ్రంగా గట్టిపడుతుంది. కాల్షియం అయాన్లు ఆల్జినేట్ గొలుసులను పట్టి ఉంచుతాయి. అరగంట వదిలి, వడకట్టి కడగండి.

ఈస్ట్‌లో కాటలేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరు, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. మందుల షాపులో దొరికే పెరాక్సైడ్‌ను 1 శాతానికి పలుచన చేసి పొడవాటి పరీక్షనాళికలో పోసి, ఒక గుళిక వేయండి. మొదట మునుగుతుంది. కాసేపటికి దాని ఒంటికి ఆక్సిజన్ బుడగలు పట్టి పైకి తేలుతుంది. మునిగినప్పటి నుంచి తేలేవరకు సెకన్లు లెక్కపెట్టండి. ఆ సమయం తగ్గితే ఎంజైము చురుకుదనం ఎక్కువని అర్థం. అదే గుళికను కడిగి మళ్లీ కొత్త పెరాక్సైడ్‌లో వేయండి. పదిసార్లు వేసి పది అంకెలూ పట్టిక రాయండి. ఎన్నో విడతకు సమయం రెట్టింపవుతుందో చూస్తే ఎంజైము అర్ధాయువు అంటే ఏమిటో తెలిసిపోతుంది. చిన్న గుళికలతో ఒకసారి, పెద్దవాటితో ఒకసారి చేస్తే పైన చెప్పిన మేత అందకపోవడం కూడా అంకెల్లో కనపడాలి. పెరాక్సైడ్ కళ్లలో పడకుండా జాగ్రత్త.

కడగడానికి ఫాస్ఫేట్ బఫరు వాడకండి. ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాగేసుకుంటుంది, గుళికలు మెత్తబడి కరిగిపోతాయి. మామూలు డిస్టిల్డ్ వాటర్ చాలు, గుళికలను రాత్రికి దాచాలంటే అందులో చిటికెడు కాల్షియం క్లోరైడ్ వేసి ఫ్రిజ్‌లో పెట్టండి.